మామ్మగారి కొలత ఎవరైనా తీసుకున్నారా?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. వృద్ధాశ్రమానికి సోఫా సెట్ల వితరణ అని హెడ్డింగు. నలుగురు దాతలు శాలువాలు కప్పుకుని నిలబడ్డారు, వెనకాల బ్యానరు, ముందు మెరూన్ రంగు రెగ్జిన్ సోఫాలు, వాటిల్లో మామ్మలూ తాతలూ ఆరుగురు మునిగిపోయి ఉన్నారు. మునిగిపోయి అని ఊరికే అనడం లేదండి, మోకాళ్లు నడుం కంటే పైకి వచ్చేశాయి. ఫొటో అయ్యాక వాళ్లని ఎవరు లేపారో, ఎంతసేపు పట్టిందో వార్తలో లేదు. నాకు మాత్రం అది చూడగానే కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను, పైగా డబ్బు తీసుకుని చేశాను.

నేను పాలకొల్లు దగ్గర చెక్కపని చేసుకునేవాణ్ని. మా నాన్న దగ్గర మంచం కోళ్లు చెక్కుతూ పని నేర్చుకున్నాను, ఇప్పుడు మిషన్లున్నాయి, కింద ఇద్దరు కుర్రాళ్లున్నారు. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఒకాయన వాళ్లమ్మగారి సంవత్సరీకానికి మన వైపు ఒక ఆశ్రమానికి ఇరవై నాలుగు కుర్చీలు చేయించారు. "డబ్బుకి చూడకు మేస్త్రీ, చూడ్డానికి ఘనంగా ఉండాలి" అన్నారు. ఘనంగానే చేశాను. టేకు చెక్క, బాగా వాలిన వీపు, మెత్తటి ఫోము, కాళ్ల మధ్య ముందువైపు చెక్కిన అడ్డపట్టీ. వీపు మీద అమ్మగారి పేరు కూడా చెక్కాను. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు తీశారు, ఆ రాత్రి నాకు నిద్ర కూడా బాగా పట్టింది.

ఆర్నెల్ల తర్వాత అక్కడ తలుపు ఒకటి కిందకి దిగిపోతే సరిచేయడానికి వెళ్లాను. నా కుర్చీలు స్టోర్ రూములో ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. బయట ఉన్న రెండింటి మీద మంచినీళ్ల టిన్నులు పెట్టారు. మనుషులేమో మంచం అంచుల మీద, పాత ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. నాకు పౌరుషం వచ్చింది, దాచడం దేనికి. ఏమ్మా బాలేదా నా పని అని అడిగితే ఒక మామ్మగారు నవ్వి, "నీ కుర్చీ బంగారంలా ఉంది నాయనా, కూర్చుంటే లేవడమే రాదు. ప్రతిసారీ ఆ ఆయా పిల్లని కేకేస్తే అదేమనుకుంటుంది? నేనైతే నీళ్లు తాగడం తగ్గించేశాను" అంది.

ఆ ఆఖరి మాట ఇంకోసారి చదవండి. కుర్చీలోంచి లేవలేక, బాత్రూంకి పోవాల్సొస్తుందని, గోదావరి పక్కన ఉండి ఆవిడ నీళ్లు తాగడం తగ్గించుకుంది.

అప్పుడు నేను తలుపు పని పక్కన పెట్టి నేల మీద చతికిలబడి ఆవిడ ఎలా లేస్తోందో చూశాను. ముప్పై ఏళ్లుగా కుర్చీలు చేస్తూ మనిషి కుర్చీలోంచి లేవడం అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ముందు ముందంచుకి జరగాలి, సీటు ఇరవై అంగుళాల లోతు ఉంది, జరగడానికే ఆవిడకి ఆయాసం వచ్చింది. తర్వాత పాదాలు వెనక్కి, సీటు కిందకి లాక్కోవాలి, అప్పుడే బరువు కాళ్ల మీదకి వస్తుంది. అక్కడ నేను ముచ్చటపడి చెక్కిన అడ్డపట్టీ మడమలకి తగిలింది. తర్వాత చేతులు ఆనించి ముందుకి వంగి పైకి నొక్కాలి. నేను పెట్టిన చేతులు ముందంచు దాకా లేవు, అందం కోసం మధ్యలోనే ఒంపు తిప్పి ఆపేశాను. సీటు ఎత్తు పదిహేను అంగుళాలు, ఆవిడ కూర్చుంటే ఫోము అణిగి పదమూడుకి దిగిపోయింది. రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి నా భుజం పట్టుకుని లేచింది.

టేపు తీసి కొలతలు మొదలుపెట్టాను. మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎంత అన్నదే అసలు కొలత. షాపుల్లో కుర్చీలన్నీ ఒకే ఎత్తు, కానీ మన మామ్మల్లో అయిదడుగులు దాటినవాళ్లు ఆ ఆశ్రమంలో ఇద్దరే కనిపించారు. పద్దెనిమిది అంగుళాల సీటులో పొట్టి మామ్మకి కాళ్లు గాల్లో వేలాడతాయి, తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరి కాళ్లతో లేస్తే తూలడం ఖాయం. అలాగని పదహారు అంగుళాల్లో పొడుగాటి తాతగారిని కూర్చోబెడితే ఆయన లేవడు. అందుకే రెండు ఎత్తులు, పదహారున్నర ఒకటి, పద్దెనిమిది ఒకటి, పెట్టుకున్నాను. లోతు పదిహేడు మించకుండా చూశాను. చేతులు సీటు మీద నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో, ముందంచు దాకా, కొసన పిడికిట్లో పట్టేలా గుండ్రంగా చేశాను. ముందు అడ్డపట్టీ తీసేశాను. ఒక్క కుర్చీ చేసి తీసుకెళ్లి పదిహేను రోజులు అక్కడే వదిలేశాను. తిరిగి వెళ్తే దాని కోసం పొద్దున్నే వంతులు పడుతున్నారని ఆయా చెప్పింది. పాత ఇరవై నాలుగు కుర్చీలూ కోసి, కోళ్లు పొడిగించి మళ్లీ బిగించడానికి నాకు రెండు నెలలు పట్టింది. దానికి డబ్బు అడగలేదు, అడిగే మొహం కూడా లేదు.

ఇంత సోది ఎందుకంటే, మన దాతలు మంచివాళ్లు, చెయ్యి ధారాళం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టిన సీమ ఇది, పుట్టినరోజైనా పెళ్లిరోజైనా తద్దినమైనా ఆశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మనకి అలవాటు. వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా అని పక్కనే నిలబడి అడుగుతాం కూడా. ఆ భోజనం తింటున్న మనిషి చెయ్యి బల్ల మీదకి అందుతోందా అని మాత్రం చూడం. భోజనం బల్ల ఎత్తు ఎక్కువైతే పళ్లెం గడ్డం దగ్గరకి వస్తుంది, చెయ్యి వణికే వాళ్లకి సాంబారంతా చీర మీదే. బల్ల కింద అడ్డకర్ర ఉంటే చక్రాల కుర్చీ లోపలికి దూరదు, వాళ్లు పక్కకి తిరిగి తినాలి.

మంచాల సంగతి ఇంకో రకం. ఇనప మంచం పద్దెనిమిది అంగుళాలని ఆర్డర్ ఇస్తారు, దాని మీద వేరే దాత అయిదు, ఆరు అంగుళాల పరుపు ఇస్తాడు, రెండూ కలిపి ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. రాత్రి రెండింటికి మామ్మ కాలు దించితే నేల అందదు. తుంటి ఎముక విరిగేది ఎక్కువగా ఇలాంటి చోటే, మంచానికీ బాత్రూంకీ మధ్య. పరుపుతో కలిపి ఎత్తు చూసుకోవాలి, అదీ మనిషి అంచు మీద కూర్చుని అణిగాక. పరుపు అంచు గట్టిగా ఉండాలి, మన కోనసీమ కొబ్బరి పీచు పరుపు ఈ పనికి మెత్తటి ఫోము కంటే నయం. పాతకాలం నులక మంచమే మేలని వాదించేవాళ్లున్నారు, ఎండాకాలం చల్లగా ఉంటుంది నిజమే, కానీ మధ్యలో గుంట పడిన మంచంలోంచి నడుం నొప్పి ఉన్న మనిషి పక్కకి దొర్లడం ఎంత కష్టమో ఒకసారి మీరే పడుకుని చూడండి. పట్టె కూడా తొడలకి ఒత్తుకుంటుంది. నాకు ఆ మంచం మీద ప్రేమ లేక కాదు, మా నాన్న పోయింది దాని మీదే.

మన గాలి సంగతి కూడా హైదరాబాద్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకి తెలీదు. వానాకాలం మూడు నెలలు చెక్కలో తేమ, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి, రోజూ రెండుసార్లు ఫినాయిల్ నీళ్లతో తుడుపు. రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన చవక బోర్డు కింద నుంచి బూరెలా ఉబ్బుతుంది, ఏడాది తిరక్కుండా స్క్రూలు ఊడిపోతాయి. 2022 జులై వరదల్లో లంక ఊళ్ల ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నా దగ్గరకి రిపేరుకి వచ్చిన వాటిల్లో ఆ బోర్డు సామానొక్కటీ బాగుపడలేదు, వేప, తుమ్మ చెక్కవి మాత్రం ఆరబెట్టి మళ్లీ బిగించాను. ఇనప కోళ్లు నేలకి ఆనిన చోట తుప్పు పడతాయి, రబ్బరు బుష్‌లు వేసి అరిగినప్పుడల్లా మార్చాలి. రెగ్జిన్ తుడవడానికి తేలికే, మే నెలలో దాని మీద ఓ గంట కూర్చున్నాక వీపు ఎలా ఉంటుందో అడగండి. పైన విప్పి ఉతుక్కునే నూలు గలీబు రెండు జతలు కుట్టిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద పెట్టి చేతుల మీద బరువు ఆనించి లేస్తే అది వెనక్కి జారుతుంది, కొన్నిసార్లు కోడు చీలి పక్కకి పడిపోతుంది. కుర్చీకి కాస్త బరువుండాలి, ఆయా ఒక్కతే లాగగలిగేంత మాత్రమే.

నా దృష్టిలో వీటన్నిటి కంటే ముందు కొనాల్సింది ఒకటుంది, ఏ దాతా ఎప్పుడూ ఇవ్వనిది. మంచం పక్కన తాళం పడే చిన్న సొరుగు. ఇల్లు వదిలి వచ్చిన మనిషికి ఇంకా తనదంటూ ఉన్నది దాంట్లో పడుతుంది, పాత ఫొటో, పాస్‌బుక్, విభూది పొట్లం, పంచదార బిళ్లలు. నేను చేసిచ్చిన సొరుగు తాళం ఒక మామ్మగారు బొడ్లో దోపుకుని తిరుగుతుంది, పొద్దున్నొకసారి సాయంత్రమొకసారి తెరిచి చూసి మళ్లీ వేస్తుంది. లోపల ఏముందని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. సొరుగు మరీ కింద పెడితే వంగలేరు, మంచం ఎత్తుకి కాస్త పైన ఉండాలి, పిడి వేళ్లతో గిల్లేది కాకుండా అరచెయ్యి దూరేలా ఉండాలి.

కుర్చీలు గోడ పొడుగునా బస్టాండులో మాదిరి వేయడం కూడా ఆపాలి. చెవులు సరిగా వినపడని వాళ్లు పక్కపక్కన కూర్చుని ఏం మాట్లాడుకుంటారు? నాలుగు కుర్చీలు ఎదురెదురుగా, మధ్యలో గుండ్రటి బల్ల, అష్టాచెమ్మాకో పేకకో. ఇంకా చేతనైతే వీధి వైపు వరండాలో చేతులున్న బెంచీ ఒకటి. వీళ్లంతా అరుగుల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించినవాళ్లు, వాళ్లని లోపల టీవీకి ఎదురుగా పెట్టి ప్రశాంత వాతావరణం అని బోర్డు రాస్తే ఎలా? వాళ్లకి కావాల్సింది కాలవ గట్టు మీద పోయే కొబ్బరి లారీలు, బడి పిల్లల సైకిళ్లు.

ప్రభుత్వం సంగతి కూడా ఒక మాట. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ఆశ్రమాలు పెట్టడానికి దాంట్లో వీలుంది, వాటి నిర్వహణకి ప్రమాణాలు రాసుకునే అధికారం కూడా రాష్ట్రానికే ఇచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పెరిగాయి, అమలాపురంలో, భీమవరంలో కలెక్టరేట్లు వచ్చాయి. పాత జిల్లా లెక్క చెప్పి తప్పించుకోవడానికి లేదు. కట్టే రోజు కట్టండి, కానీ ఫర్నిచర్ టెండర్‌లో "కుర్చీ, ఒకే రకం" అని ఒక్క ముక్క రాసి తక్కువ కొటేషన్‌కి ఇచ్చేయకండి. అలా రాసిన కాగితం నేనొక ఆఫీసులో కళ్లారా చూశాను, శాంపిల్ తెచ్చి చూపిస్తానంటే "ఎత్తులు గిత్తులు మా ఫార్మాట్‌లో లేవు" అన్నారు. బాత్రూం కమోడ్ సీటు నేల నుంచి 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలని వికలాంగులకీ వృద్ధులకీ కట్టడాలు వీలుగా ఉండాలని కేంద్రం ఇచ్చిన సుగమ్యత మార్గదర్శకాల్లోనే ఉందట, మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. అంటే కమోడ్‌కి ఫార్మాట్ ఉంది, కుర్చీకి లేదన్నమాట!

దాతలకి నేను చెప్పేది ఒక్కటే, కొనే ముందు ఒక పూట వెళ్లి అక్కడ కూర్చోండి. భోజనాల టైములో, వీలైతే రాత్రి లైట్లు ఆర్పేవేళ. ఎవరు దేన్ని పట్టుకుని లేస్తున్నారో చూడండి, మంచం నుంచి బాత్రూం దాకా వాకర్‌తో నడిచేవాళ్ల వెనక నడవండి, దారి మూడడుగులు ఖాళీగా ఉందో లేదో తెలుస్తుంది. ఒక్క శాంపిల్ చేయించి పదిహేను రోజులు వాడనివ్వండి. ఉన్న డబ్బుకి ఇరవై నాలుగు రాకపోతే పద్నాలుగే ఇవ్వండి, మిగతావి వచ్చే ఏడాది.

ఇక ఆ ఫొటోలో సోఫాలు ఇచ్చినవాళ్లు నా మీద కోప్పడకుండా ఒక పని చేయొచ్చు. సోఫా నాలుగు కాళ్ల కింద మూడంగుళాల చెక్క దిమ్మలు పెట్టాలి, కాలు జారకుండా దిమ్మలో గుంట తొలవాలి. మెత్తల కింద అరంగుళం ప్లైవుడ్ పలక పరిస్తే మనిషి అంతలా దిగడు. వీపు వెనక ఒక గట్టి దిండు పెడితే లోతు కూడా తగ్గుతుంది. దిమ్మలు నేను కోసిస్తాను, కర్ర నాదే. ఆటో కిరాయి మాత్రం వాళ్లు పెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక చెక్కపని మేస్త్రీ,
పాలకొల్లు దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా