గత నెల పంపిన క్యాపిలరీల గురించి

నమస్కారం. గత నెల రెండో, మూడో వారాల్లో మా దగ్గర మెల్టింగ్ పాయింట్ క్యాపిలరీలు, అంటే పొడి ఎంత వేడికి కరుగుతుందో చూసే సన్నటి గాజు ట్యూబులు, తీసుకున్న ల్యాబులకూ కాలేజీలకూ ఈ మాట. శాంపిల్ పొడి ట్యూబులోకి దిగట్లేదని ముగ్గురు ఫోన్ చేశారు. నిజమే, తప్పు మాదే.

మేం 8 మిల్లీమీటర్ల బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) ట్యూబు తీసుకుంటాం, బోరు, అంటే లోపలి రంధ్రం, 6. మంటలో తిప్పుతూ కాచి, బయటికి తీసి, రెండు చేతులా లాగుతాం. బయటి కొలత 1.6కి దిగేసరికి సెంటీమీటరు గాజు 25 సెంటీమీటర్లు సాగుతుంది. గాజు ఎక్కడికీ పోదు కదా, సన్నబడిందంతా పొడవులో తేలుతుంది. పాకం కుదిరితే బోరు కూడా అదే లెక్కన 1.2కి వస్తుంది.

పాకం అని ఊరికే అనలేదు. అరిసెల పాకంలాగే దీనికీ లేతా ముదురూ ఉన్నాయి. ఈ గాజు 820 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి వేడి పెరిగేకొద్దీ చిక్కదనం ఎన్నో రెట్లు పడిపోతుంది. తలతన్యత, అంటే ఉపరితలాన్ని దగ్గరికి లాగే బలం, మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. బోరును మూసెయ్యాలని చూసేది ఆ తలతన్యతే, మూసుకోకుండా ఆపేది చిక్కదనం. లాగేటప్పుడు తీగ తెగకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: సన్నబడిన చోటు ముందు చల్లారి బిగుస్తుంది, సాగడం పక్కనున్న వేడి గాజుకు మారుతుంది. ఇన్నేళ్లయినా అది చేతికి తెలిసే క్షణమంటే నాకు ఇష్టం.

గత నెల ఆర్డర్లు ముంచుకొచ్చి మంట పెంచింది నేనే. బాగా కాలిన గాజు తేలిగ్గా సాగుతుంది, భుజాలు లాగవు. మంటలోంచి తీశాక ఒక్క క్షణం ఆగాలి, అదీ మానేశాం. వేగంగా లాగడంలో తప్పు లేదు. 1887లో ఇంగ్లండులో సి.వి. బాయ్స్ కరిగిన క్వార్ట్జ్‌ను బాణానికి అంటించి, విల్లుతో వదిలి, కంటికి ఆనని తీగలు తీశాడు. మా తప్పు అతివేడి.

గేజ్‌లో బయటి కొలత 1.6 సరిగ్గానే చూపింది, అంతటితో సరిపెట్టుకున్నాం. వెనక్కొచ్చిన ట్యూబును విరిచి భూతద్దం కింద పెడితే బోరు 0.8 ఉంది. అంటే గోడ మందం రెట్టింపయింది. వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది, రీడింగు కాస్త ఎక్కువ చూపొచ్చు. ఆ పెట్టెల్లోవాటితో రీడింగులు తీసి ఉంటే దయచేసి మళ్లీ తీయండి. నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే.

ఇకనుంచి ప్రతి లాగుడులో రెండు చివరలూ మధ్యా విరిచి, 1 మిల్లీమీటరు స్టీలు తీగ దూర్చి చూస్తాం. దూరకపోతే ఆ లాగుడంతా పక్కన పడేస్తాం. ధర మారదు, కానీ డెలివరీకి ఇదివరకటికన్నా నాలుగైదు రోజులు ఎక్కువ పడుతుంది. బదులు పెట్టెలు మా కొరియర్ ఖర్చుతో సోమవారం నుంచి బయల్దేరుతాయి. పాతవి వెనక్కి పంపనక్కర్లేదు.