క్రియాటినిన్ పెరిగేదాకా ఆగకండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. కారణం తెలియని కిడ్నీ జబ్బు మా ఊళ్లను ఏళ్లుగా పీడిస్తోంది. మా దగ్గర ఇద్దరు ఎదురుపడితే కొబ్బరి ధర కంటే ముందు అడిగేది "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని. చదువురాని ముసలమ్మలు కూడా ఆ అంకెను పాయింటుతో సహా చెప్పేస్తారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి వడకట్టి పారేసే వ్యర్థం. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో అది పెరుగుతుంది. ఈ ఉత్తరం ఆ అంకె గురించే.

మూడేళ్ల కిందట ఒక వైద్య శిబిరంలో మా అమ్మకు రక్తపరీక్ష చేశారు. అప్పటికి ఆమెకు 55 ఏళ్లు. జీడితోటల్లో కూలిపని, బక్కపలచని మనిషి. క్రియాటినిన్ 1.1 వచ్చింది. కాగితం మీద 'నార్మల్' అని రాసిచ్చారు. మా టెన్షన్ తీరిపోయింది. మళ్లీ పరీక్ష చేయించేసరికి రెండేళ్లు గడిచాయి, అంకె 4 దాటింది.

అదే 1.1 పాతికేళ్ల మగవాడికి వస్తే, క్రియాటినిన్ నుంచి వడపోతను అంచనా వేసే 2021 నాటి సూత్రం ప్రకారం అతని కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 95 మిల్లీలీటర్లు. 55 ఏళ్ల ఆడమనిషికి వస్తే 60 లోపే. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. వయసు, ఆడా మగా చూసి ఆ లెక్క కట్టి ఉంటే శిబిరంలోనే అనుమానం వచ్చేది. ఆ లెక్కకు పైసా ఖర్చు లేదండీ.

క్రియాటినిన్ కండరాల్లో పుడుతుంది. కండ లేని కూలివాళ్లలో తక్కువే పుడుతుంది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా అంకె చిన్నగానే కనిపిస్తుంది. పైగా వడపోత సగం దాకా పడిపోయినా చాలామందిలో అది మామూలు హద్దు దాటదు. సిస్టాటిన్ సి అనే ప్రొటీన్ అలా కాదు. అది దాదాపు ప్రతి కణం నుంచీ వస్తుంది, కండతో పెద్దగా పని లేదు. రెండూ కలిపి లెక్కిస్తే అంచనా మరింత సరిగ్గా ఉంటుందని 2024 అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మూత్రం సంగతీ అంతే. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ ముందుగా మూత్రంలోకి కారుతుంది. మా జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్నని నాళికలను దెబ్బతీసే రకం, ఆల్బుమిన్ పెద్దగా కారకపోవచ్చు. నాళికలు దెబ్బతింటే మూత్రంలో కిమ్-1, ఎన్‌గాల్ లాంటి ప్రొటీన్లు పెరుగుతాయి. కొత్త మందుల తొలి ప్రయోగాల్లో పాల్గొనే ఆరోగ్యవంతుల కిడ్నీలను కనిపెట్టుకుని ఉండడానికి ఇలాంటి ఆరు సూచికలను కలిపి వాడుకోవచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఆ పాటి కాపలా ఎండలో పనిచేసే మా వాళ్లకు అక్కర్లేదా? ఇవి ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరగొచ్చు, ఒక్క పరీక్షతో జబ్బు తేల్చేయకూడదు, నాకు తెలుసు. అందుకే ఈ పరీక్షలను మొదట పరిశోధనగా చేయమంటున్నాను.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ కేంద్రం కొన్ని ఊళ్లను ఎంచుకుని, జబ్బు లేనివాళ్లతో సహా అవే మనుషులను ఏటా పరీక్షించాలి. వాళ్ల రక్తం, మూత్రం నమూనాలను ఫ్రీజర్లలో దాచాలి. రేపు ఎవరికైనా జబ్బు బయటపడితే, పాత నమూనాల్లో ఏది ముందుగా మారిందో వెనక్కి వెళ్లి చూడొచ్చు. కారణం తెలియని జబ్బుకు అంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఒక్క షరతు. నమూనా ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం తెలుగులో చేతికివ్వాలి. ఇన్నేళ్లలో మా ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లినవాళ్లు చాలామంది, తిరిగొచ్చి ఫలితం చెప్పినవాళ్లు లేరు.

డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది మాకు పెద్ద ఆసరా, కాదనను. కానీ అది చేతికొచ్చేది కిడ్నీలు పోయాక.

మా చెల్లికి ఇప్పుడు 31 ఏళ్లు. అమ్మ వెళ్లిన తోటల్లోకే పనికి వెళ్తోంది. వచ్చే శిబిరంలో ఆమె కాగితం మీద క్రియాటినిన్ పక్కన ఆ వడపోత లెక్క కూడా వేయించండి.

ఇట్లు,
ఉద్దానం వాసి