మా కొవ్వొత్తుల మీద హెచ్చరికలు ఎందుకు తగ్గిస్తున్నామంటే

మా కొవ్వొత్తులు వాడుతున్న అందరికీ నమస్కారం. తర్వాతి విడత సరుకు నుంచి గాజు పాత్ర అడుగున ఉండే హెచ్చరికల చీటీ మారుతోంది. చిన్న అక్షరాలతో కిక్కిరిసిన పేరా పోయి, పెద్ద అక్షరాలలో నాలుగు వాక్యాలే మిగులుతాయి. భద్రత విషయంలో మేము పట్టు సడలించామని మీలో ఎవరికైనా అనిపించవచ్చు కాబట్టి, కారణాలు వివరంగా చెప్పడం నా బాధ్యత.

‘వెలిగించిన కొవ్వొత్తి వేడిగా ఉంటుంది’, ‘మంటను తాకరాదు’, ‘నిద్రపోతూ వెలిగించరాదు’ వంటి వాక్యాలను తీసేశాము. ఇవి అబద్ధాలు కావు, కానీ ఎవరికీ తెలియనివీ కావు. తెలిసిన మాటలే వరుసగా చదివిన కన్ను ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగదు. ప్రాణాపాయం గురించి చెప్పే మాట సరిగ్గా అక్కడే ఉంటే అదీ చదవకుండానే పోతుంది. కరిగిన మైనం అంటుకుని మంట పెద్దదైనప్పుడు ఎవరైనా ముందు నీళ్ల కోసమే పరుగెత్తుతారు. నీటికి మైనం కంటే సాంద్రత ఎక్కువ కనుక అది అడుగుకు దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని పైకి చిమ్ముతుంది. మూతతో కప్పితే గాలి అందక మంట ఆరిపోతుంది. కొత్త చీటీలో ఇదే మొదటి వాక్యం. కళ్లెదుట లేనప్పుడు వెలిగించవద్దని, అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచాలని, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వవద్దని మిగతా మూడూ చెబుతాయి.

అనవసరపు హెచ్చరికలను పెంచేది దావాల భయం. కాలిఫోర్నియాలో 1986లో ఓటర్లు ఆమోదించిన ‘ప్రపోజిషన్ 65’ అనే చట్టం ప్రకారం, క్యాన్సర్ వంటి హాని కలిగించేవని ప్రభుత్వం జాబితాలో చేర్చిన రసాయనాల గురించి హెచ్చరించకపోతే ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అలాంటప్పుడు సరుకును పరీక్ష చేయించడం కంటే చీటీ అతికించడమే వ్యాపారికి చౌక. 2018లో అక్కడి న్యాయస్థానం కాఫీకి కూడా క్యాన్సర్ హెచ్చరిక ఉండాలని తీర్పునిస్తే, మరుసటి ఏడాది ప్రభుత్వమే నిబంధన తెచ్చి కాఫీని మినహాయించవలసి వచ్చింది.

అయితే నవ్వు తెప్పించే ప్రతి హెచ్చరికా అర్థం లేనిది కాదు. ‘ఈ యంత్రంలో మనుషులను పెట్టరాదు’ అని బట్టలు ఉతికే యంత్రం మీద రాసిన మాటకు 2007లో అమెరికాలో జరిగిన వింత హెచ్చరికల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కానీ ముందు వైపు తలుపున్న యంత్రాల్లోకి దూరి పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు నిజంగా ఉన్నాయి. ఆ వయసు పిల్లలు చదవలేరు. వారిని కాపాడగలిగేది తలుపే గాని చీటీ కాదు. ఫ్రిజ్‌ల విషయంలో అమెరికా ఆ దారే పట్టింది. తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలని 1956లోనే చట్టం చేసింది.

మేమూ ఆ దారినే నమ్ముతున్నాము. మైనం పూర్తిగా అయిపోయేదాకా వెలిగితే మంట వేడికి అడుగు గాజు పగలవచ్చు. అందుకని వత్తిని నిలిపే లోహపు బిళ్లకు పొడవైన మెడ ఉన్న రకాన్ని వాడుతున్నాము. మంట ఆ మెడ దాకా రాగానే వత్తికి మైనం అందక తనంతట తానే ఆరిపోతుంది. అడుగున మిగిలే మైనాన్ని లోపమని అనుకోవద్దని, అందులో కొత్త వత్తి గుచ్చి వెలిగించవద్దని కోరుతున్నాను.

వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించడం, ఏకబిగిన 4 గంటలకు మించి వెలిగించకపోవడం వంటి వాడుక సూచనలు పెట్టెలో విడిగా ఒక కాగితం మీద ఉంటాయి. పాత చీటీ ఉన్న కొవ్వొత్తులలో పొడవు మెడ బిళ్ల లేదు కాబట్టి, వాటిని 12 మిల్లీమీటర్ల మైనం మిగిలి ఉండగానే ఆర్పేయండి.