పిల్లల టీబీ పరీక్షకు ముక్కులో గొట్టమేనా దారి?

రాష్ట్ర టీబీ అధికారి గారికి,

అయ్యా, నేను పిల్లల వార్డులో నర్సును. పసివాళ్లు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే రాత్రంతా పస్తుంచి, తెల్లారగానే ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం లాగుతాం. ఒకరు తల, ఇంకొకరు కాళ్లు గట్టిగా పట్టుకోవాలి. "రేపు మళ్లీ తియ్యాలమ్మా" అంటే కొందరు తల్లులు బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను.

మింగిన తెమడలోని క్రిములు మలంలోనూ దొరుకుతాయి. పిల్లలకు మలంతో ఎక్స్‌పర్ట్ పరీక్ష (టీబీ క్రిమి జన్యువును మిషన్ మీద వెతికే పరీక్ష) చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లోనే చెప్పింది. మనం సీబీనాట్ అనేది ఈ పరీక్ష చేసే మిషన్‌నే. కావాల్సింది ల్యాబ్ సిబ్బందికి శిక్షణ, మూతున్న డబ్బాలు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు, నిజమే. గొట్టంతో తీసినా అంతేగా! ఎక్స్‌రే, లక్షణాలు డాక్టరు చూడాల్సిందే. నాలుక స్వాబ్ (నాలుకను దూదిపుల్లతో రుద్ది తీసే నమూనా) ఇంకా సులువు, కానీ క్రిములు తక్కువున్నప్పుడు దొరక్కపోవచ్చు. పిల్లల్లో సాధారణంగా ఉండేది ఆ పరిస్థితే.

కొన్ని ఆసుపత్రుల్లో ఒకే బిడ్డ నుంచి మలం, కడుపు ద్రవం రెండూ తీసి పోల్చి, ఫలితాలు అందరికీ తెలిసేలా పెట్టించండి. పాజిటివ్‌ల లెక్కతో పాటు, ఎంతమంది దగ్గర నమూనా తీయలేకపోయామో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు