పది పేజీల తెలుగు సరిపోదు, మొత్తం నివేదిక ఇవ్వండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఒక పరిశ్రమ కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నేను వెనక వరుసలో కూర్చున్నాను. షామియానా, కుర్చీలు, మైకు, వీడియో తీసే మనిషి, చుట్టూ పోలీసులు. ఒక పెద్దావిడ మైకు దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది: "మీరు రాసిన పుస్తకంలో మా చెరువు ఉందా అయ్యా?" వేదిక మీద ఉన్నవారు పేజీలు తిప్పారు. చివరికి కంపెనీ తరఫు మనిషి లేచి, వివరాలన్నీ నివేదికలో ఉన్నాయమ్మా, చూసుకోవచ్చు అన్నాడు. పరిశ్రమ వల్ల చుట్టుపక్కల నీటికి, గాలికి, నేలకు ఏమవుతుందో చెప్పే ఆ నివేదిక కొన్ని వందల పేజీల ఇంగ్లీషు. ఆవిడ ఊరికి అందింది తెలుగు సారాంశం ఒక్కటే. అందులో చెరువు ప్రస్తావన లేదు. ఆవిడ మరో మాట అనకుండా వెళ్లి కూర్చుంది. సభ నిబంధనల ప్రకారమే జరిగిందని మినిట్స్‌లో రాశారు. నిబంధనల ప్రకారమే జరిగింది కూడా. నా బాధ అదే. అందుకే మీకు ఈ లేఖ.

2006 సెప్టెంబరు 14న మీ శాఖ ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌ను నేను చాలాసార్లు చదివాను. అందులో మంచి విషయాలు ఉన్నాయి. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టర్ కార్యాలయంలో, పంచాయతీలో, ఇంకొన్ని చోట్ల అందుబాటులో ఉంచాలి. సభను మొత్తం వీడియో తీయాలి. ప్రజలు చెప్పినవన్నీ రాసుకుని, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇంత శ్రద్ధగా రాసిన పత్రంలోనే సారాంశం 10 ఏ4 పేజీలకు మించకూడదని కూడా ఉంది. ఆచరణలో మాకు తెలుగులో అందేది ఆ పది పేజీలే. తాగునీటి బోర్లలో నీటిమట్టం ఎంత, గాలి ఏ నెలల్లో ఎటు వీస్తుంది, వ్యర్థజలం ఏ వాగులో కలుస్తుంది, ఏ ఊరి పొలాల మీద ధూళి పడుతుంది, ఇవన్నీ మిగిలిన వందల పేజీల్లో ఉంటాయి. జనం మాట్లాడాల్సిందేమో ఆ పేజీల గురించే.

ఇది భాషాభిమానం కోసం చేస్తున్న విన్నపం కాదు. నివేదికలో తప్పులుంటే పట్టుకోగలిగేది ఆ నేల మీద బతికేవారే. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గనికి తయారైన నివేదికలో రష్యాలోని గని సమాచారాన్ని దాదాపు యథాతథంగా దించేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కొంకణ్ తీరంలో స్ప్రూస్, బిర్చ్ అడవులు ఉన్నాయని అందులో రాశారు. మామిడి, జీడిమామిడి తోటల మధ్య బతికే రైతుకు ఆ వాక్యాన్ని తన భాషలో చూపిస్తే ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. నిపుణుల కమిటీ ఢిల్లీలో కూర్చుని చూసేటప్పుడు అలాంటి వాక్యం మామూలుగా కనిపించి దాటిపోవచ్చు.

మా దగ్గర ఇంతకన్నా చేదైన అనుభవం ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల భూములు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ కాలం నీరుండే చిత్తడి నేల అది. చేపలు పట్టేవారు, వరి వేసేవారు, పశువులు మేపేవారు, అందరికీ అదే ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి వచ్చింది. అది చిత్తడి నేల అని స్థానికులు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు, ఢిల్లీలో అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. జనం చెప్పిన మాటను చట్టం ఒప్పుకుంది, కానీ రెండు ప్రాణాలు పోయిన రోజున. ఆ తేదీని నేను ఎప్పటికీ మరచిపోలేను.

మంత్రి గారూ, ప్రజలు చట్టాన్ని పట్టుకుని నిలబడితే ఏం సాధించగలరో మన న్యాయస్థానాలే చూపించాయి. 1997లో సమతా అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం ఆగింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఒక కర్మాగారం పెట్టడం గురించి 1999లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, హాని జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టదలచినవారిదే అంది. 2013లో నియమగిరి కొండల విషయంలో గ్రామసభలే తేల్చాలని అదే న్యాయస్థానం ఆదేశించింది. ఒడిశాలోని 12 గ్రామసభలు సమావేశమై, పన్నెండూ బాక్సైట్ గనిని వద్దన్నాయి. అక్కడ మాట్లాడినవారు ఎవరి అనువాదం కోసమూ ఎదురుచూడలేదు. తమ కొండ గురించి తమ భాషలో చెప్పారు, రాసుకున్నవారు రాసుకున్నారు. ప్రజల మాటకు చట్టంలో విలువ ఉండడం అంటే నా దృష్టిలో అదే.

2020 నాటి సంగతి మీకు గుర్తు చేయక తప్పదు. 2006 నోటిఫికేషన్ స్థానంలో తేదలచిన కొత్త పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ముసాయిదా వచ్చినప్పుడు, దాన్ని రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. అమలు చేయడానికి బదులు మీ శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. హిందీ, ఇంగ్లీషుల్లో ప్రచురిస్తే చట్టరీత్యా చాలునని వాదించింది. ఆ ముసాయిదాలోనే ప్రజల స్పందనకు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్న ప్రతిపాదన ఉంది. చదవలేని భాషలో కాగితం, చదువుకోవడానికి ఇంకా తక్కువ రోజులు! అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

అనుమతి వచ్చేశాక కష్టం ఇంకో రూపంలో ఎదురవుతుంది. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం ప్రకారం పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అది దాటితే తలుపు మూసుకున్నట్టే. దక్షిణ ప్రాంత బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలే, అది పేదవాడికీ అందుబాటులో ఉండే మొత్తమే. కానీ అనుమతి పత్రంలోని షరతులేమిటో గ్రామస్థుడికి అర్థం కావడానికే వారాలు పడుతుంది. ఎవరో చదువుకున్న కుర్రవాడు దొరకాలి, లేదా పట్నం నుంచి వకీలు రావాలి. ఆ వెతుకులాటలోనే గడువు కరిగిపోతుంది. షరతులను ఎవరైనా ఉల్లంఘిస్తున్నారో లేదో గమనించాల్సిందీ ఆ ఊరివారే. షరతే తెలియనివారు దేన్ని గమనిస్తారు?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ముసాయిదా నివేదిక మొత్తాన్ని ఆ రాష్ట్ర అధికార భాషలో ఇవ్వాలి. 30 రోజుల లెక్క ఆ అనువాదం పంచాయతీకి చేరిన రోజు నుంచే మొదలవ్వాలి. అనుమతి పత్రం, దాని షరతులు, ఆరు నెలలకోసారి కంపెనీ ఇవ్వాల్సిన అమలు నివేదికలు కూడా అలాగే రావాలి. అనువాద ఖర్చు కంపెనీదే కావాలి, ఎందుకంటే నివేదిక తయారీ ఖర్చూ ఇప్పుడు వారిదే. వందల కోట్ల ప్రాజెక్టుకు అది లెక్కలోకి రాని మొత్తం. అనువాదంలో తప్పులుంటే ఇంగ్లీషు ప్రతిలో తప్పు ఉన్నట్టే పరిగణించాలి. లేకపోతే అది కూడా మొక్కుబడిగా మారిపోతుంది.

సాంకేతిక పదాలకు తెలుగు లేదని అధికారులు నాతో అన్నారు. ఆమ్లం, ధూళి, భూగర్భ జలం, వ్యర్థాలు, ఉద్గారాలు, ఇవన్నీ రోజూ పత్రికల్లో చదువుతున్నవే. మాటలేని చోట ఇంగ్లీషు పదాన్నే తెలుగు లిపిలో రాసి, పక్కన రెండు వాక్యాల్లో వివరించవచ్చు. బోరు, మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాటలు వాడే రైతుకు ఇంకో పది మాటలు నేర్చుకోవడం కష్టం కాదు.

రాజ్యాంగం 51ఏ(జి) కింద అడవులను, సరస్సులను, నదులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అంటోంది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన ఆ విధిని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. దాన్ని నెరవేర్చడానికి ముందుగా నాకు కావాల్సింది ఆ కాగితాలు, నాకు అర్థమయ్యే అక్షరాల్లో.

ఇందుకు పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. నోటిఫికేషన్‌కు ఒక సవరణ చాలు. అలాంటి సవరణలను మీ శాఖ ఇప్పటికే చాలాసార్లు చేసింది. సవరణ ముసాయిదాను గెజిట్‌లో ప్రకటించి, అభ్యంతరాలు పంపడానికి 60 రోజుల సమయం ఇస్తారు కదా. ఆ ముసాయిదాను తెలుగులో కూడా ఇవ్వండి. మేము చదివి, మా ఊళ్ల నుంచి రాసి పంపుతాం.

ఇట్లు,
ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో వెనక వరుసలో కూర్చునే ఒక పౌరురాలు