పలాస దగ్గర గీత గీసే ముందు మద్రాసు మెయిలు సంగతి చూడండి

సంపాదకులు గారికి,

కొత్త రైల్వే జోన్ హద్దుల మీద మీ పత్రికలో వస్తున్న వార్తల నిండా కిలోమీటర్ల లెక్కలే ఉంటున్నాయి. పాత వాల్తేరు డివిజన్‌లో సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా రైల్వేకు, మిగిలినది రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేకు అని 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తేల్చింది. ఇనుప ఖనిజం లైను ఎవరికి దక్కింది, ఆదాయం ఎవరికి పోయింది అన్న వాదన ఇంకా చల్లారలేదు. ఆ వాదన అనవసరమని అనను. కానీ ఆ హద్దు దాటి వెళ్లే బండి గురించి, అందులో కూర్చున్న మనిషి గురించి ఎవరూ మాట ఎత్తడం లేదు. ఈ విషయంలో మన తీరానికి నూరేళ్లు పైబడిన అనుభవం ఉంది. హౌరాకు, మద్రాసుకు మధ్య నడిచే మద్రాసు మెయిలు బండే అందుకు సాక్ష్యం. మద్రాసులో ఎక్కేవారికి అదే కలకత్తా మెయిలు.

ఈ దారి పుట్టినప్పుడు దీనికి హద్దు లేదు. బెజవాడ నుంచి కటక్ దాకా 1893–96 మధ్య ప్రభుత్వమే ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో లైను వేసింది. 1899లో బెజవాడకు, మద్రాసుకు మధ్య దారి కలిసింది. అయినా గోదావరి అడ్డం. రాజమండ్రి దగ్గర ఒక్కొక్కటి 150 అడుగుల గర్డర్లు 56 పరిచి, వాల్టన్ అనే ఇంజనీరు మూడేళ్లలోపే వంతెన పూర్తి చేయించాడు. 1900 ఆగస్టులో అది తెరుచుకుంది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద అది హేవలాక్ వంతెన అయింది. అదే ఏడాది బెంగాల్ నాగపూర్ రైల్వే వారి లైను ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరింది. ఆ సంవత్సరమే మెయిలు నడవడం మొదలైంది.

వింత ఏమిటంటే, బండి పట్టాలెక్కగానే ప్రభుత్వం లైనును రెండుగా పంచింది. వాల్తేరుకు (ఇప్పటి విశాఖపట్నం స్టేషన్) దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వే చేతికి, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లాయి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే (ఎం.ఎస్.ఎం.) అయ్యాయి. హౌరా నుంచి వాల్తేరు సుమారు 880 కిలోమీటర్లు, వాల్తేరు నుంచి మద్రాసు సుమారు 780. అంటే ఇంచుమించు చెరి సగం. ఒకరికి కలకత్తాలో, ఇంకొకరికి మద్రాసులో పెద్ద కార్యాలయాలు, లండన్‌లో వేరు వేరు బోర్డులు. ఎవరి లాభం వారిది. అటువంటి రెండు కంపెనీలు ఒక బండిని రోజూ నడపాలి!

ఎలా నడిపాయో వాల్తేరు ప్లాట్‌ఫారం మీద తెలిసేది. అక్కడ బండి వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్లి తన దారి పట్టాలి, ఇప్పటికీ అంతే. మొదటిసారి వెళ్లేవారు కిటికీలోంచి చూసి, బండి తిరిగి ఇంటికే పోతోందని కంగారు పడడం నేటికీ చూస్తాం. బెంగాల్ నాగపూర్ వారి ఇంజను ఊడదీసి పక్కకు తీసేవారు. అటు చివర ఎం.ఎస్.ఎం. ఇంజను వచ్చి తగిలేది. సుత్తి పట్టుకుని ఒక మనిషి చక్రం చక్రం కొట్టి మోత వినేవాడు. వ్యాగన్లయితే ఏది ఏ రోజున ఎవరి హద్దు దాటిందో చిట్టాలో ఎక్కించుకోవడానికి నంబర్ టేకర్ అనే గుమాస్తా ఉండేవాడు. ఎందుకంటే పరాయి కంపెనీ వ్యాగను తమ దగ్గర ఉన్నన్ని రోజులకు అద్దె లెక్కపడేది. ఇంత తతంగం జరుగుతుంటే పెట్టెలో ఉన్నవాళ్లు ఇడ్లీలు తింటూనో, నిద్రపోతూనో ఉండేవారు. వాళ్లు సామాను దించనక్కరలేదు, ఇంకో టికెట్టు కొననక్కరలేదు.

టికెట్టు సంగతి ఇంకా బాగుంటుంది. రాజమండ్రిలో ఖరగ్‌పూర్‌కు టికెట్టు కొన్నవాడు డబ్బు కట్టేది ఎం.ఎస్.ఎం. కిటికీ దగ్గర. అందులో వాల్తేరు అవతలి మైళ్లకు తగిన వాటా లెక్కల ద్వారా రెండో కంపెనీకి చేరేది. తగువు వస్తే కంపెనీలు తమలో తాము తేల్చుకునేవి. ఆ తగువు ప్రయాణికుడి నెత్తిన పడేది కాదు. తపాలా పెట్టె కూడా అంతే. ఆర్.ఎం.ఎస్. (రైల్వే తపాలా విభాగం) ఉద్యోగులు గూళ్ల ముందు నిలబడి రాత్రంతా ఉత్తరాలు వేరు చేస్తుంటే కింద పట్టాలు ఎవరివో వారికి పట్టేది కాదు. ఊళ్లో డబ్బా తీసేశాక మిగిలిపోయిన ఉత్తరాన్ని, అదనపు బిళ్ల అంటించి, బండి ఆగినప్పుడు ఆ పెట్టెకున్న చీలికలో వేసేవారు.

ఆ కంపెనీలు పుణ్యాత్ములని నేను చెప్పడం లేదు. మూడో తరగతి ప్రయాణికులను అవి పశువుల్లా కుక్కిన తీరు మీద గాంధీజీ ఆనాడే గట్టిగా రాశారు. కార్మికులను అవి చూసిన తీరు కూడా గొప్పగా ఏమీ లేదు. 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలబడి పోరాడింది మన బరంపురం మనిషే. ఆయనే తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎన్ని కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డాయో ఇక్కడి ప్రతి ఊరికీ తెలుసు. వాళ్లు పండక్కి ఇంటికి వచ్చింది ఈ మెయిలులోనే.

1944లో రెండు కంపెనీలూ ప్రభుత్వపరం అయ్యాయి. తర్వాత పేర్లు చాలా మారాయి: దక్షిణ రైల్వే, తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే, 2003లో తూర్పు కోస్తా రైల్వే. హద్దు మాత్రం వాల్తేరు నుంచి పక్కనున్న దువ్వాడ దాకా కాస్త జరిగిందే తప్ప పోలేదు. రెండు కంపెనీల బండి నాలుగు జోన్ల బండి అయింది. 1977లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వచ్చాక తొందర ఉన్నవాళ్లు దానికి మళ్లారు. మెయిలు మాత్రం తుని, సామర్లకోట వంటి ఊళ్లను పలకరిస్తూ తన దారిన తాను పోతూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్త ఏర్పాటుతో దువ్వాడ దగ్గరి పాత గీత చెరిగిపోతుంది. విశాఖ, విజయవాడ ఒకే జోన్ కిందికి వస్తాయి, సంతోషం. అయితే గీత పోలేదు, పలాసకు జరిగింది. మందస రోడ్డు, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, రైల్వే లెక్కలో తూర్పు కోస్తా రైల్వేలోని ఖుర్దా రోడ్ డివిజన్‌వి. ఇంతకు ముందు పలాస దగ్గర ఉన్నది ఒకే జోన్‌లోని రెండు డివిజన్ల మధ్య హద్దు. ఇకమీదట అది రెండు జోన్ల మధ్య హద్దు. విశాఖ–పలాస పాసింజరు పేరుకు తగ్గట్టు పలాసలోనే ఆగిపోతుంది. దిగినవాళ్లకు అటు బండి ఎప్పుడు దొరుకుతుందో అన్నది వాళ్ల అదృష్టం. ఆ మధ్య పెట్టెలో నీళ్లు రాక ఫిర్యాదు చేస్తే, ‘ఇది మా పరిధి కాదు, అవతలి వాళ్లను అడగండి’ అన్న జవాబు నాకు వచ్చింది. అవతలి వాళ్లూ అదే మాట అన్నారు. పరాయి దొరల కంపెనీలు రెండు ఒక టికెట్టు మీద, ఒక టైంటేబుల్ మీద రాజీ పడగలిగినప్పుడు, ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్న రెండు కార్యాలయాలకు అది చేతకాదంటే నమ్మేదెలా?

పలాస–ఇచ్ఛాపురం ముక్కను కూడా విశాఖ డివిజన్‌లో కలపాలన్న కోరిక ఈ ప్రాంతంలో ఉంది, అది న్యాయమైనదే. అది తేలేలోపు చేయగలిగిన పని ఒకటుంది. పలాసలో ఆగే పాసింజరును ఇచ్ఛాపురం దాకా రెండు జోన్లూ కలిసి నడపాలి. దాని శుభ్రతకు, నీళ్లకు, ఆలస్యానికి రెండు జోన్లలో ఎవరు జవాబుదారో ముందే నిర్ణయించి, ఆ అధికారి ఫోను నంబరును పెట్టె లోపల తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాలి. అద్దెలు, వాటాలు, సిబ్బంది లెక్కలు వాళ్లూ వాళ్లూ చూసుకోవచ్చు. వాల్తేరులో అలాగే చూసుకున్నారు కదా.

ఈ ఉమ్మడి బండి విషయం రెండు జోన్ల అధికారులనూ మీ విలేకరుల చేత అడిగించి, వచ్చిన జవాబులను పక్కపక్కనే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రైల్వే ప్రయాణికుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా