రెండు మైక్రాన్లకు, బాలానగర్ నుంచి

జూన్ 1, 2025, ఆదివారం

ఒరేయ్ రెండు మైక్రాన్లూ,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టుకో, తిట్టుకున్నాక చదువు. అమ్మ బాగుంది. ఆవకాయ కలిపింది, నీ జాడీకి వేరే గుడ్డ కట్టి పెట్టింది. చిన్నదాని పదో తరగతి గట్టెక్కింది. ఈసారి వానలు మే నెలలోనే దిగాయి. మన షెడ్డు రేకు పాత చోటే కారుతోంది, పాత బకెట్టే పెట్టాం. వార్తలు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది, రెండు వారాలుగా నోట్లో ఆగడం లేదు.

మే 18న ఇస్రో రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైపోయింది కదా. పొద్దున 5:59కి ప్రయోగం. మన షెడ్డు పెద్ద మైక్రాన్ మామయ్య ముందు రోజే హుకుం జారీ చేశారు, ఆదివారమైనా సరే, అందరూ షెడ్డులోనే చూడాలని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. ఫోనును లేత్ చక్‌కు ఆనించి ఏడుగురం తలలు దూర్చి చూశాం. ఆ రకం రాకెట్టుకు అది 63వ ప్రయాణం. అంతకు ముందు 1993లో మొదటిది, 2017లో ఇంకొకటి తప్ప పూర్తిగా పోయినవి లేవు. 2017లో ఉష్ణకవచం ఊడిరాక ఉపగ్రహం లోపలే ఉండిపోతే, "మూత రాని ఊరగాయ జాడీ" అని నువ్వన్నందుకు మామయ్య నీతో మూడు రోజులు మాట్లాడలేదు, గుర్తుందా?

మొదటి రెండు దశలు చక్కగా సాగాయి. మూడో దశలో ఏదో అయింది. కాసేపటికి ఇస్రో ఛైర్మన్ నారాయణన్ గారు వచ్చి, మూడో దశ మోటారులో పీడనం పడిపోయిందని, ప్రయోగం పూర్తి కాలేదని చెప్పారు. 1,696 కిలోల ఉపగ్రహం రా! మబ్బు పట్టినా, చీకటి పడినా నేలను చూడగలిగే రాడార్ ఉంది దాంట్లో. ఈ ముసురు చూస్తుంటే అదే గుర్తొస్తోంది. ఇక్కడి శాస్త్రవేత్తలు, ఉపగ్రహాల బొమ్మలు అందుకునే షాద్‌నగర్ కేంద్రంలో, దాని బొమ్మల కోసం ఎంత...

సరే. టీవీ పెడితే అప్పటికి అందరూ చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ వైపు తిరిగారు. ఆ పొద్దునే అక్కడ ఒక ఇంట్లో మంటలు రేగి 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఇక రాకెట్టు గురించి బాధపడటానికి కూడా సిగ్గేసింది. దాని గురించి ఇప్పుడు రాయలేను.

మామయ్య మాత్రం టీవీ వైపు చూడనే లేదు. బీరువా తెరిచి, ముక్కల కొలతలు రాసిపెట్టే రూట్ కార్డులన్నీ బయటికి లాగారు. "మన రింగే అయి ఉంటుంది" అన్నారు. మనం చేసి పంపే రింగు రాకెట్టులో ఎందులోకి వెళ్తుందో మనకు ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? డ్రాయింగ్ మీద ఒక నంబరు, అంతే. మూడో దశ మోటారు గుల్ల పీచుతో చుట్టినది, అక్కడ అల్యూమినియం రింగుకు పనేమిటి అన్నాను. "నీకు తెలుసా?" అన్నారు. తెలియదు. నోరు మూసుకున్నాను.

పన్నెండింటికి, మనం పంపిన రింగుల లాటులోంచి దాచిన నమూనా రింగు దొరికింది. అదే 100 మిల్లీమీటర్లది, పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, అటూ ఇటూ ఒప్పుకునేది. మామయ్య గుడ్డతో తుడిచి, మైక్రోమీటరు పట్టి, కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. మళ్ళీ చూశారు. పదకొండు సార్లు కొలిచారు, నేను లెక్కపెట్టాను. 100.012. ఎంత ఎక్కువో చూశావా? రెండు! హద్దు దాటి సరిగ్గా రెండు మైక్రాన్లు!

ఆయన స్టూలు మీద కూలబడిపోయారు. చేతిలో రింగు వదల్లేదు. ముఖం చూడలేకపోయానురా. ముప్పై ఏళ్ళ పని అలా... ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు, ఐటీఐ నుంచి నెల క్రితమే వచ్చిన కుర్రాడొకడున్నాడు, నీ సంగతి వాడికి తెలియనే తెలియదు, తలుపు దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు: "మామయ్యా, ముక్కకు జ్వరమేమో."

కొలతల గదిలో కరెంటు లేదు! పొద్దున ఎనిమిదింటికే పోయింది, రాకెట్టు గొడవలో ఒక్కరమూ గమనించలేదు. 20 డిగ్రీలుండాల్సిన గదిలో 34. లెక్క నువ్వే చేయి, నీకు కంఠతా వచ్చుగా: 14 డిగ్రీలకు రింగు 32 మైక్రాన్లు ఉబ్బింది, ఉక్కు మైక్రోమీటరు అందులో సగం ఉబ్బింది, మిగిలింది పదహారు. నిన్ను అందరి ముందు నిలబెట్టి, "జ్వరం దిగకుండా కొలిచేవాడు నా షెడ్డులో ఉండకూడదు" అన్న మనిషి! నాకు నువ్వే కళ్ళ ముందు మెదిలి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే చంపేస్తారని రూట్ కార్డులో తల దూర్చాను.

రెండింటికి కరెంటు వచ్చింది. గది చల్లబడి, రింగు చల్లబడేసరికి సాయంత్రం ఆరు దాటింది. అప్పటిదాకా ఆయన అన్నం ముట్టలేదు. కొలిస్తే 99.996, కార్డులో ఉన్నదే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రింగు బాగుందని సంతోషించాలో, మరి ఎవరి ముక్క పోయిందో పాపం అని... ఆ వేళ వేరే ఏ షెడ్డులో ఎవరు స్టూలు మీద కూర్చున్నారో. ఇంతవరకు మనల్ని ఎవరూ ఏమీ అడగలేదు, కాగితం కూడా రాలేదు.

నీకు ఆ రెండు మైక్రాన్ల పేరు తెచ్చిన ముక్క గుర్తుందా, ఆరేళ్ళ కిందటిది? మామయ్య దాన్ని స్క్రాప్ డబ్బాలో వేయలేదు రా. బీరువాలో దాచారు, నీ పేరుతో చీటీ కట్టి. నిన్న పిలిచి నా చేతికిచ్చారు, నీకు పంపమని. చీటీ మీద నీ పేరు కింద తన పేరు రాసి, 18-5-2025 అని తేదీ వేశారు. నోటితో ఒక్క ముక్క అనలేదు, నేనూ అడగలేదు.

తమ్ముడు ఈ రాత్రి బస్సుకు పుణె వస్తున్నాడు, ఉత్తరం, ముక్క, జాడీ వాడి చేతికే ఇస్తున్నాను. ఇంకా ఆ కుర్రాడి గురించి రాయాలి, వాడు మరుసటి రోజు చేసిన పని వింటే... ఆటో వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. జాడీని ముక్క పక్కన పెట్టవద్దని వాడికి చెప్పాను, వినలేదు. నూనె కారి ఉంటే చీటీ ముందు తీసి ఆరబెట్టు, ముక్క సంగతి తర్వాత